ఫొటో మావ చెరపని బొమ్మలు

ఆ రోజు తెర మీద వచ్చిన హెచ్చరికను నేను చదవలేదు. చదవలేదనడం కూడా పూర్తి నిజం కాదు. చదివాను, అది నాకోసం కాదనుకున్నాను. అరకులో జూనియర్ కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడిని. అలాంటి హెచ్చరికలు తెలియనివాళ్ళ కోసం రాస్తారని నా ధీమా. ‘అవును’ అన్నచోట నొక్కి, కాఫీ కలుపుకోవడానికి వంటగదిలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి రెండు డిస్కులూ ఖాళీగా ఉన్నాయి.

వాటిలో ఉన్నవి నావి కావు. అరకు చుట్టుపక్కల సంతల్లో ఏళ్ళ తరబడి ఫొటోలు తీసి, కిందటేడు చనిపోయిన ఒక మనిషివి. ఆయనవి అనడం కంటే ఆయన ఫొటోలు తీసిన కొండవాళ్ళవి అనడమే సరైనది.

మా ఇంట్లో బీరువా పక్కన ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న సర్వర్ ఉంది. ఆ రెండు డిస్కులూ దానికే తగిలించి ఉండేవి. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుంది, అద్దంలో బొమ్మలాగా. ఒకటి చెడిపోయినా ఇంకొకటి ఉంటుందని ఆ ఏర్పాటు. ఉరుములతో వాన పడిన రోజు కరెంటు పోయి వచ్చాక సర్వర్ మళ్ళీ లేవలేదు. సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాను. ఎక్కించే ముందు ఆ డిస్కుల తీగలు పీకి పక్కన పెట్టాలి. ఈ మాట తరగతిలో నేనే చెప్తాను. పీకలేదు. కొత్తగా ఎక్కిన సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తుపట్టక, రెంటినీ జత చెయ్యమంటావా అని అడిగింది. పాత జతనే మళ్ళీ కలుపుతుందనుకుని అవునన్నాను. అది రెంటినీ చెరిపి కొత్తగా జత కట్టింది. ఒకదాని మీద చేసిన తప్పు రెండోదాని మీదా అచ్చంగా పడింది.

గోడలోంచి వైరు లాగేశాను. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. అది ఆగాక గదిలో ఎంత నిశ్శబ్దం ఉందో తెలిసింది. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. చెమట పట్టిన చేతులు లుంగీకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, ఆ పెట్టె ముందే నేల మీద కూర్చుండిపోయాను. అప్పుడే ఫోను మోగింది. అరకులో ఆయన నడిపిన స్టూడియో నుంచి వదిన, అంటే ఆ ఫొటోలు తీసినాయన భార్య. ఎవరో మనిషి ముంచింగిపుట్టు పైనుంచి జీపెక్కి వచ్చిందట. చనిపోయిన కూతురి ఫొటో కావాలంటోందట.

ఆ ఫొటోలు తీసినాయన్ని సంతల్లో అందరూ ఫొటో మావ అనేవాళ్ళు. పసిపిల్లల దగ్గర్నుంచి ఆయన కంటే పెద్దవాళ్ళ దాకా అందరికీ మావే. నేను మాత్రం అన్నా అనేవాడిని. సన్నగా ఉండేవాడు. మెడ కొంచెం ముందుకు సాచి, ఏదో పారేసుకుని వెతుకుతున్నవాడిలా నడిచేవాడు. సంతరోజు ఉప్పుచేపలు అమ్మేవాళ్ళకూ గాజులవాళ్ళకూ మధ్య రెండు వెదురు గెడలు పాతి నీలం దుప్పటి కట్టేవాడు. దాని ముందు ఒక స్టూలు. పక్కన గుడ్డ సంచిలో పౌడరు డబ్బా, దువ్వెన, ఒక నల్ల కోటు.

ఆ కోటు ఎవరి కొలతలకు కుట్టారో ఆయనకే తెలియదు. లావుగా ఉన్నవాడికి ముందు గుండీలు పెట్టకుండా, బక్కగా ఉన్నవాడికి వెనక గుడ్డ మడిచి పిన్నీసు పెట్టి తొడిగేవాడు. ఆ రోజుల్లో పెళ్ళయిన మగవాళ్ళంతా ఏ ఇంటి గోడ మీద చూసినా ఆ కోటులోనే కనిపిస్తారు. ఒకసారి ఒక ముసలామె తన ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి చూసి, సంతకొచ్చి ఆయన్ని నిలదీసింది.

“ఏటిరా మావా, మా ఊరి పెళ్ళాలందరికీ ఒక్కడే మొగుడేటి?”

సంతలో ఆ పక్కంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కోటు తిరగేసి, లోపలి గుడ్డ ఇంకో రంగులో ఉందేమోనని నిజంగానే చూశాడు.

ఫొటోకి కూర్చున్నవాళ్ళ గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి కొంచెం పైకెత్తేవాడు. వెనక్కి వెళ్ళి కెమెరాలో చూసేవాడు. మళ్ళీ వచ్చి మళ్ళీ ఎత్తేవాడు. నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు. “నవ్వితే నవ్వు, నేకపోతే మానీ. కదలకు,” అనేవాడు. జనం వచ్చి తీసుకెళ్ళని ఫొటోలను ఇంకో సంచిలో వేసుకుని ప్రతి సంతకీ మోసేవాడు. ఎవరో ఒకరు ఆ ఊరి పేరు చెప్పగానే సంచి విప్పి, ఇదిగో మీ పక్కింటోళ్ళది, పట్టుకెళ్ళు అని చేతిలో పెట్టేవాడు. వచ్చిన మనిషి కూరగాయలు మర్చిపోయినా సరే ఆ ఫొటో మర్చిపోకూడదు.

డిజిటల్ కెమెరా వచ్చాక, ఫోల్డర్లకు పేర్లు పెట్టడం ఆయనకు నేనే నేర్పాను. మనిషి పేరు, ఊరు, తేదీ రాయమన్నాను. కొండల్లో పుట్టిన వారాన్నిబట్టి పేరు పెట్టుకునేవాళ్ళు చాలామంది. ఒక ఊళ్ళో సుక్రులు నలుగురైదుగురు ఉంటారు, సొంబ్రిలు ఇంకా ఎక్కువ. పేరు రాస్తే ఎవరో తేలదని, ఆయన ఆ పూట ఏం జరిగిందో రాసుకునేవాడు. ‘ఏడ్చిన పెళ్ళికొడుకు.’ ‘కోడి తప్పించుకుంది.’ ‘రెండు జడలూ ఒకేపక్క.’ నేను చూసి నవ్వాను. ఇలా అయితే రేపు ఎవరైనా వెతకగలరా అన్నాను.

“నాను వెతుకుతాను కదా,” అన్నాడు.

చెరపడం మాత్రం ఆయనకు నేర్పలేకపోయాను. కళ్ళు మూసుకున్నవి, కదిలిపోయినవి, దుప్పటి జారినవి, ఏదీ తీసేసేవాడు కాదు. చోటు చాలదని నేను విసుక్కుంటే తల ఊపేవాడు. మళ్ళీ వచ్చేసరికి అన్నీ అలాగే ఉండేవి. ఒకరోజు గట్టిగా అడిగితే, “కన్ను మూసినా ఆల మొకమే కదా మేష్టారూ,” అన్నాడు. అది అభిమానం అనుకున్నాను. దాని వెనక ఉన్నది భయమని తర్వాత తెలిసింది.

ఒకసారి ముంచింగిపుట్టు సంత నుంచి జీపులో తిరిగొస్తున్నాం. ముందు సీట్లో మేమిద్దరం, వెనక పసుపు బస్తాలు. ఘాట్ మలుపులో మబ్బు దిగి రోడ్డు కనపడక డ్రైవరు బండి ఆపేశాడు. బయట తెల్లగా తప్ప ఇంకేమీ లేదు. ఆ తెలుపులోకి చూస్తూ, నేను అడగకుండానే చెప్పాడు. ఫిల్ము రోజుల్లో ఒక వానాకాలం రీళ్ళకు బూజు పట్టింది. అందులో ఉన్న ఒక అబ్బాయి ఆ తర్వాత చనిపోయాడు. తండ్రి ఫొటో కోసం వచ్చాడు. పోయిందని చెప్పడానికి నోరు రాక, వచ్చే సంతకి తెస్తానన్నాడు ఈయన. వచ్చే సంతకీ అదే మాట. ఆ తండ్రి పోట్లాడలేదు. ప్రతి సంతకీ వచ్చి నీలం దుప్పటి ఎదురుగా గొంతుక్కూర్చుని, సంత లేచేదాకా ఉండి వెళ్ళేవాడు. ఒకరోజు ఈయన జీపు దిగకముందే దూరం నుంచి అతన్ని చూశాడు. దిగలేదు. అదే జీపులో వెనక్కి వచ్చేశాడు. ఆ పైన అతను మళ్ళీ రాలేదు.

“ఆడు కూకున్నన్నాళ్ళూ బయ్యం నేదు మేష్టారూ. రావడం మానీసినాడు సూడు, అప్పుడు పట్టుకుంది,” అన్నాడు.

నేను ఆయన భుజం తట్టి, ఇప్పుడు రెండు డిస్కులున్నాయి, ఇంక మీకేం భయం అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలచుకుంటే నా గొంతు నాకే వినబుద్ధి కాదు.

ఆయనకు జబ్బు ముదిరాక ఒకరోజు ఆటోలో మా ఇంటికి వచ్చాడు. తువ్వాల్లో చుట్టిన డిస్కులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. తన ఇంట్లో ఉంటే అస్తమానం లేచి చూసుకుంటున్నాననీ, నా దగ్గర ఉంటే నిద్ర పడుతుందనీ చెప్పాడు. వాటికి ఈ సర్వర్ పెట్టె అమర్చాను. అప్పటినుంచి ఎప్పుడు వచ్చినా, మా ఆవిడ పలకరించినా పలక్కుండా, ముందు బీరువా పక్కకు వెళ్ళేవాడు. రెండు పచ్చ దీపాలు వెలుగుతున్నాయో లేదో వంగి చూసేవాడు. చలికాచుకున్నట్టు అరచెయ్యి ఆ పెట్టె దగ్గర కాసేపు ఉంచేవాడు. ఆ తర్వాతే కుర్చీలో కూర్చుని, “మరేటి విశేషాలు,” అనేవాడు.

ఆ మనిషి నాకు అప్పగించిన పెట్టె ముందు కూర్చుని, వదిన ఫోనుకు నేను చెప్పిన జవాబు ఇది. సర్వర్ రిపేరులో ఉంది. ఆమెను వచ్చే సంతకి రమ్మను.

ఫోను పెట్టేశాక ఆ మాట ఎవరిదో తెలిసింది.

ఆమె వచ్చే సంతకి వచ్చింది. ఆ రోజు నేను స్టూడియోలోనే ఉన్నాను, తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. ముప్పై దాటని మనిషి. తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ గడప దగ్గరే నిలబడింది. వానల్లో జ్వరమొచ్చి కూతురు పోయింది. అంతకుముందు చలికాలం సంతలో ఫొటో మావ తీశాడు, కాఫీ పళ్ళ కోతలో పడి తీసుకోవడానికి రాలేదు. ఆ వెంటనే మావ మంచాన పడ్డాడు, అది ప్రింటు కాలేదు. ఇంట్లో ఇంకో ఫొటో లేదు. ఇవన్నీ వదినకే చెప్పింది. నేను ఇంకా రిపేరు కాలేదని అన్నప్పుడు మాత్రం నా వైపు తిరిగింది.

“బేగి సూడు మేష్టారూ. గుంట మొకం మర్సిపోతన్నాను. కళ్ళు మూసుకుంటే ఇదివరకు వచ్చీది. ఇప్పుడు రాదు.”

సరే అన్నాను. ఆమె మెట్లు దిగి వెళ్తుంటే నేను కౌంటరు కిందకు వంగి, లేని పెన్ను వెతికాను.

ఆ మధ్య రోజుల్లో నాకున్నది భయం ఒక్కటే. తరగతిలో పాఠం చెప్తూ మధ్యలో ఆగిపోయేవాడిని. ఇంటికొచ్చాక ఆ డిస్కులను మళ్ళీ తగిలించడం రేపటికి వాయిదా వేసేవాడిని. తగిలించగానే సర్వర్ వాటి మీద ఇంకేదైనా రాసుకుంటుందేమోనని. నిజానికి చెరిగిపోయింది పైనున్న వరసే. ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టిక పోయింది. ఫొటోలు చాలావరకు కిందే ఉంటాయి, వాటి మీద కొత్తది రాయనంతవరకు. అది తెలిసే కొద్దీ భయం పెరిగింది. అన్నీ పోయాయంటే ఏడ్చి ఊరుకునేవాడిని. ఇంకా ఉన్నాయి, ఈసారి నా చెయ్యి తప్పితే ఆ ఉన్నవీ పోతాయి.

ఇంకో పెద్ద డిస్కు తెచ్చాను. పాతవాటిలో ఒకదాన్ని మాత్రమే, చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా తగిలించి, ఉన్నది ఉన్నట్టుగా మొత్తం నకలు తీశాను. రెండోదాన్ని తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టాను. వెతుకులాటంతా నకలు మీదే. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. తెర మీద శాతం అంకె కదలకుండా నిలిచిపోయినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టేవాడిని. మా ఆవిడ అన్నం పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి, ప్రార్థన చేసుకున్నారా అని అడిగింది. చేసుకోలేదు. అబద్ధం ఆడిన నోటితో ఏమని అడగను?

ఫొటోలు రావడం మొదలుపెట్టాయి. పేర్లు లేవు. ఏడ్చిన పెళ్ళికొడుకు లేడు, తప్పించుకున్న కోడి లేదు. ఉత్త అంకెల కింద ముఖాలు, వాన చినుకుల్లా, ఒకదాని తర్వాత ఒకటి. కొన్ని పూర్తిగా ఉన్నాయి. కొన్ని సగం నుంచి కిందకు ఒకే బూడిద రంగు. కొన్ని అసలు తెరుచుకోలేదు. వాటిలో చిన్నపిల్లలు ఎందరో ఉన్నారు. ఆమె కూతురిని నేను ఎన్నడూ చూడలేదు. ఎదురుగా తెర మీద వచ్చి కూర్చున్నా నాకు తెలియదు. ఆ అమ్మాయిని పోల్చగలిగేది తల్లి ఒక్కతే. తల్లి కూర్చుని వెతకాలంటే నేను ముందు నిజం చెప్పాలి.

మొదట వదినకు చెప్పాను. స్టూడియోలో కోటుకు బ్రష్షు కొడుతూ వింది. అంతా విన్నాక నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. “ఆ తల్లికి నువ్వే సెప్పు. నాను సెప్పను,” అంది.

ఊరికే నిలబడలేక లాప్‌టాప్ తెరిచి, దొరికినవాటిలో కొన్ని చూపించాను. ఆయన ఒక చేత్తో ఎదుటివాళ్ళను సర్దుతుండగానే ఇంకో చేతిలోని కెమెరా నొక్కుకుపోయిన ఫొటోలు అందులో చాలా ఉన్నాయి. ఎవరిదో గడ్డం, దాని కింద రెండు వేళ్ళు. ఇంకెవరిదో భుజం, దాని మీద కోటు సర్దుతున్న చెయ్యి. చెరపమని నేను పోరినవి అవే. అన్ని వేల ఫొటోలు తీసిన మనిషి తనది ఒక్కటి తీయించుకోలేదు. గోడ మీద దండ వేసిన ఫొటో ఆధార్ కార్డులోంచి పెద్దది చేసి పెట్టిందే, అందులో ఆయన ఎవరో దొంగలా ఉంటాడు. వదిన తెర దగ్గరకు వంగింది.

“ఆ బొటనేలి గోరు సూడు. ఎన్నిసార్లు కత్తిరించమన్నా ఇనీవోడు కాడు,” అంది. అని, కోటు అక్కడ పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

మూడో సంత దాకా ఆగలేదు. ఆమె ఊరు కనుక్కుని నేనే వెళ్ళాను. జీపు దిగాక కాఫీ తోటల్లోంచి నడక. దారిలో రెండుసార్లు ఆగిపోయాను. వెనక్కి వెళ్ళే జీపు ఇంకా అక్కడే ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఫొటో మావను ఆ రోజు జీపు దిగనివ్వనిది ఏమిటో నా కాళ్ళకు తెలిసింది.

ఆమె పెరట్లో రాగులు చెరుగుతోంది. నన్ను చూసి, ఫొటో తెచ్చాననుకుని చేట కింద పెట్టి లేచింది. ఆ లేవడం చూడలేకపోయాను. కూర్చోకముందే చెప్పేశాను. రిపేరు అబద్ధమన్నాను. నేనే చెరిపేశానన్నాను. కొన్ని దొరికాయి, అందులో మీ అమ్మాయి ఉందో లేదో నాకు తెలియదన్నాను. ఇరుగుపొరుగు చేరారు. ఆమె భర్త అన్నగారు కాబోలు, అరుగు మీద కూర్చున్న పెద్దాయన నన్ను తేరిపార చూశాడు.

“మేష్టారివి కదేటి నువ్వు? పిల్లలకి ఇదేనేటి సెప్తన్నావు?”

ఆమె ఏమంటుందోనని అటే చూస్తున్నాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని, “ఏదీ, తియ్యి,” అంది.

అరుగు మీద లాప్‌టాప్ పెట్టాను. ఒక్కొక్క ముఖం తిప్పుతున్నాను. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఈడు మన సుక్రు కాదేటి, దీని మొగుడు ఇప్పుడు విజయనగరంలో ఉన్నాడు, ఓలమ్మా ఈ ముసిల్ది పోయి ఎన్నాళ్ళైందే అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చెప్తున్నారు. నేను ఏదీ వినలేదు. మిగిలిన ఫొటోలు తరిగిపోతున్నాయి. ఎండ అరుగు మీంచి పెరట్లోకి దిగింది. ఎవరో తెర మీద నీడ పడేలా గొడుగు పట్టారు.

ఆమె చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది. తిప్పడం ఆపాను.

ఆరేడేళ్ళ అమ్మాయి. ఒక కన్ను మూతపడుతోంది, పెదవి కొరుక్కుంటోంది. గడ్డం కొంచెం పైకి లేచి ఉంది. ముఖం పూర్తిగా ఉంది. మెడ దగ్గర్నుంచి కింద అంతా బూడిద రంగు. ఆమె ఏడవలేదు. ముఖం తెరకు బాగా దగ్గరగా పెట్టి చూస్తూ ఉండిపోయింది.

నాకు కొంచెం ఊపిరి వచ్చింది. ఊపిరి రాగానే పాత బుద్ధి కూడా వచ్చింది. కింద భాగం బాగుచేసి ఇస్తానన్నాను. స్టూడియోలో అలాంటివి చేస్తారు, ఇంకో పిల్ల గౌను తెచ్చి అతికిస్తే అతుకు కనపడదన్నాను.

“ఎవల గౌను?” అంది ఆమె, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఎవరిదో ఒకరిది అన్నాను.

“వొద్దు. ఉన్నదే తియ్యి.”

ఉన్నదే తీశాను. ప్రింటు చేస్తున్నప్పుడు వదిన పక్కనే నిలబడింది, బూడిద రంగును కత్తిరించి ముఖం వరకే ఇద్దామా అని నేను అడగలేదు, ఆవిడా అనలేదు. మొత్తం ఫొటోల నకళ్ళు వేరే డిస్కుల్లో ఎక్కించి ఒకటి వదినకు ఇచ్చాను, ఒకటి అరకు నుంచి దూరంగా పాచిపెంటలో ఉన్న మా చెల్లెలి ఇంట్లో పెట్టాను. సంతరోజుల్లో లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి, ఆయన గెడలు పాతే చోట స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళు ముఖాలు గుర్తుపట్టి చెప్తుంటే రాసుకుంటున్నాను. దొరకనివాళ్ళకు, నా చేతిలో పోయిందని చెప్తున్నాను. అలా చెప్పిన ప్రతిసారీ ఎదుటి మనిషి ముఖం చూడటానికి భయం వేస్తుంది. చూస్తున్నాను.

ఫ్రేము కట్టించిన ఫొటోను జీపులో ఒళ్ళో పెట్టుకుని ఆమె ఊరికి తీసుకెళ్ళాను. పొయ్యి పొగ తగలని గోడ ఆమే చూపించింది. మేకు నేను కొట్టాను. మట్టిగోడ, మొదటిసారి పెళ్ళ ఊడివచ్చింది, పక్కకు జరిపి కొట్టాల్సి వచ్చింది. తగిలించాక ఆమె వెనక్కి నడిచి, గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

కిందున్న ఆ బూడిద రంగు ఏమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్తావని అడిగాను.

“మేష్టారు సెరిపీసినాడని సెప్తాను,” అంది.

అలాగే చెప్పమన్నాను.